ముందు పలికిన డబ్బా

పొద్దున పోయిన కరెంటు తొమ్మిదింబావుకు వచ్చింది. జైనూర్ మెయిన్ రోడ్డు మీది ఆ ఆన్‌లైన్ సెంటర్ ముందు అప్పటికే జనం ఉన్నారు. ఒకరికి ఆదాయం సర్టిఫికెట్ కావాలి, ఒకరికి కిసాన్ పైసల కోసం ఈకేవైసీ చేయించాలి, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకు డిగ్రీ అడ్మిషన్ పని. ‘దోస్త్’ పోర్టల్‌లో కాలేజీ ఆప్షన్లు పెట్టుకోవడానికి గడువు ఆ సాయంత్రంతో సరి.

షాపాయన షట్టర్ ఎత్తి రెండు సిస్టంలు ఆన్ చేశాడు. చాయ్ తాగొచ్చి మూడోది, తను కూర్చునేది, ఆన్ చేశాడు. మొదటి రెండింటిలో పేజీ తిరుగుతూనే ఉంది. మూడోదాంట్లో చిటికెలో తెరుచుకుంది.

“నెట్ ఉన్నదా లేదా తమ్మీ?” అని బిడ్డను వెంటబెట్టుకొచ్చిన ఒక తల్లి అడిగింది.

“ఉన్నదక్కా. నా దాంట్ల వస్తుంది చూడు. ఇండ్లనే ఎందుకో పడతలేదు.”

“ఒక్క వైరే గదా అన్నిటికి?”

ఆమె అడిగిన మాటలోనే సగం చిక్కు ఉంది. ఒకే ఫైబర్ లైను, ఒకే మోడెం, దానికింద ఒకే స్విచ్ డబ్బా. వైరు తెగితే మూడూ పోవాలి, బిల్లు కట్టకపోయినా మూడూ పోవాలి. ఒకటి బతికి రెండు చావడానికి అతనికి కారణం తోచలేదు. పైగా ఆ రెంటి నుంచి ప్రింట్ కూడా పోవడం లేదు. ప్రింటర్‌కు ఇంటర్నెట్‌తో పనేమిటి? అది మూడడుగుల దూరంలో బల్ల మీదే ఉంది.

మనలో ఎవరైనా చేసే పనే అతనూ చేశాడు. గోడ బోర్డు మీద మెయిన్ స్విచ్ తీసి, పది లెక్కపెట్టి మళ్లీ వేశాడు. మోడెం, స్విచ్ డబ్బా, ప్రింటర్, మూడు సిస్టంలు అన్నీ ఒక్కసారే లేచాయి. ఈసారి బతికున్న మూడోది కూడా చచ్చింది.

(ఈ కథలో ఊరు జైనూరే. షాపు పేరు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. వాళ్ల వాళ్ల మాటలను బట్టి ఆ రోజును మళ్లీ అల్లుకుంటూ రాసింది ఇది.)

*

ఉట్నూర్ నుంచి సర్వీసు అమ్మాయి బండి మీద వచ్చేసరికి పన్నెండు దాటింది. పాలిటెక్నిక్ చదివి నెట్‌వర్క్ పనుల్లో స్థిరపడిన పిల్ల. లోపలికొస్తూనే మోడెం లైట్లు చూసింది. ఫైబర్ లైటు పచ్చగా, నిలకడగా వెలుగుతోంది. లైనులో తప్పు లేదు.

“అన్నా, నిన్న మొన్న కొత్తగ ఏమన్న పెట్టినవా?”

“ఏం పెట్టలే చెల్లె.”

“పక్కానా?”

“వారం కింద వెనుక అర్రకు వైఫై అందుతలేదని ఒక పాత రౌటర్ తెచ్చి పెట్టిన. గది మంచిగనే నడ్శింది గద. గండ్ల ఏమున్నది?”

ఆమె జవాబు చెప్పకుండా మొదటి సిస్టం ముందు కూర్చుంది. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల కిటికీ తెరిచి ‘ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్’ అని కొట్టింది. తెర నిండా పడిన వరుసల్లో ఆమె చూసినవి నాలుగే.

ఐపీవీ4 అడ్రస్: 192.168.0.101
డిఫాల్ట్ గేట్‌వే: 192.168.0.1
డీహెచ్‌సీపీ సర్వర్: 192.168.0.1
లీజ్ మొదలైన సమయం: ఉదయం 10:04

“పదింటికి ఏంజేసినవ్ అన్నా?”

“బోర్డు స్విచ్ తీసి ఏసిన. నీకెట్ల తెలిసింది?”

“గిండ్ల రాసి ఉన్నది.” తెర మీద వేలు పెట్టింది. “మన మోడెం అడ్రస్ 192.168.1.1. గీ సిస్టంకు అడ్రస్ ఇచ్చింది 192.168.0.1. నడుమ ఒకటికి బదులు సున్నా ఉన్నది. ఇచ్చింది మన మోడెం కాదు, ఇంకోడు. ఆ వెనుక అర్ర చూపియ్.”

వెనుక గదిలో అటక మీద, జిరాక్స్ కాగితాల కట్ట పక్కన, ఒక చెవి విరిగిన పాత రౌటర్ మినుకుమినుకుమంటోంది. స్విచ్ డబ్బా నుంచి వచ్చిన వైరు దాని లాన్ పోర్టులో ఉంది. వాన్ అని రాసి ఉన్న నీలం రంగు పోర్టు ఖాళీ. అంటే దానికి ఇంటర్నెట్ దారి లేనే లేదు. ఆమె ఆ వైరు పీకేసి, ముందు గదికొచ్చి ‘రిలీజ్’, ఆ తర్వాత ‘రెన్యూ’ కొట్టింది. రెండు క్షణాల్లో 192.168.1.3 వచ్చి కూర్చుంది. దోస్త్ పేజీ తెరుచుకుంది.

*

ఆ రెండు క్షణాల్లో జరిగేది తెలిస్తే తప్ప అతని వారం నాటి రౌటర్‌కు, ఆనాటి చావుకు సంబంధం అర్థం కాదు.

కంప్యూటర్ లేచేసరికి దానికి అడ్రసు ఉండదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. అందుకని పంపేవాడి చోట 0.0.0.0 అని, చేరాల్సిన చోట 255.255.255.255, అంటే ‘వైరు మీద ఉన్న అందరికీ’ అని రాసి ఒక కేక వేస్తుంది. తన గుర్తుగా నెట్‌వర్క్ కార్డుకు ఫ్యాక్టరీలో వేసిన మ్యాక్ నంబరు జతచేస్తుంది. ఈ కేక పేరు డిస్కవర్. అడ్రసులు పంచే సర్వర్, అంటే డీహెచ్‌సీపీ సర్వర్, 67వ పోర్టులో చెవి పెట్టుకుని ఉంటుంది. విని, ‘ఇదిగో, ఈ అడ్రసు ఖాళీగా ఉంది’ అంటుంది. ఇది ఆఫర్. కంప్యూటర్ ‘సరే, ఫలానా సర్వర్ ఇచ్చిన ఫలానా అడ్రసు తీసుకుంటున్నా’ అని మళ్లీ అందరికీ వినపడేలా చెబుతుంది, ఇంకెవరైనా ఆఫర్ ఇచ్చి ఉంటే వాళ్లు తమది వెనక్కి తీసుకోవాలి కదా. ఇది రిక్వెస్ట్. చివర సర్వర్ ‘ఖాయం’ అంటుంది, అది అక్నాలెడ్జ్. నాలుగు మాటల మొదటి అక్షరాలు కలిపి టెక్నీషియన్లు ‘డోరా’ అంటారు. అడ్రసుతో పాటు గేట్‌వే (బయటికి పోయే దారి) ఏది, డీఎన్ఎస్ ఏది, గడువు ఎంత అన్నవి కూడా ఆ మాటల్లోనే వచ్చేస్తాయి.

ఇద్దరు సర్వర్లు ఉంటే? ముందు పలికినవాడి మాటే సాధారణంగా చెల్లుతుంది. పలికినవాడు అసలు యజమానా, అటక మీది పాత రౌటరా అని కంప్యూటర్ విచారించదు.

ఇప్పుడు ఆ వారం సంగతి చూద్దాం. ఒకసారి అడ్రసు తీసుకున్న సిస్టంలు దాన్ని గుర్తుపెట్టుకుని, రోజూ పొద్దున్నే లేచి ‘నిన్నటి నా అడ్రసే నాకివ్వండి’ అని అడిగేవి. మోడెం ‘తీసుకో’ అనేది. ఆ సిస్టంలు తన జాబితాలోవి కావు కనుక పాత రౌటర్ నోరెత్తేది కాదు. వారం రోజులు అందుకే అంతా బాగున్నట్టు కనబడింది. కరెంటు పోయి వచ్చిన పొద్దున లెక్క మారింది. ఫైబర్ మోడెం పూర్తిగా లేవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. పాత రౌటర్ బుర్ర చిన్నది, త్వరగా లేచింది. మొదటి రెండు సిస్టంలు పాత అడ్రసు కోసం అడిగితే పలికేవాడు లేడు. కొత్తగా కేక వేస్తే పలికింది పాత రౌటరే. తన సంఖ్య ఇచ్చింది, గేట్‌వేగా తన పేరే చెప్పుకుంది. ఇంటర్నెట్‌కు పోయే దారి అడిగినవాళ్లను దారిలేని గదిలోకి పంపిందన్నమాట. ప్రింటర్ ఏమో 192.168.1 వరుసలో ఉంది, అందుకే అదీ కనబడలేదు. షాపాయన చాయ్ తాగొచ్చేలోగా మోడెం లేచింది కాబట్టి మూడోది బతికిపోయింది. మెయిన్ స్విచ్ తీసి వేయడంతో ఆ అదృష్టమూ పోయింది.

“అంటే నేను రీస్టార్ట్ కొట్టుడుతోనే…”

“అవ్ అన్నా. నువ్వు కొట్టినప్పుడల్లా ఆ పాతదే గెలుస్తది.”

*

అసలు ఈ అడ్రసులు పంచే పని ఒకప్పుడు మనుషులే చేసేవారు. ఏ యంత్రానికి ఏ సంఖ్య ఇచ్చామో రిజిస్టర్‌లో రాసుకుని, ఒక్కోదాని దగ్గరికి పోయి చేత్తో కొట్టేవారు. చిక్కు మొదట వచ్చింది సొంత డిస్కు లేని వర్క్‌స్టేషన్లతో. కరెంటు పోతే వాటికి తామెవరో గుర్తుండదు, సంఖ్య దాచుకునే చోటు ఉండదు. 1984 జూన్‌లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు ‘రార్ప్’ అనే పద్ధతి రాశారు. ‘నా కార్డు నంబరు ఇదీ, నా అడ్రసేమిటి?’ అని యంత్రం అడుగుతుంది. ఎవరో ఒకరు చెబుతారు. అంతే, గేట్‌వే సంగతి అందులో లేదు. పైగా ప్రతి వైరు ముక్క మీదా ఒక సర్వర్ కూర్చోవాలి.

మరుసటి ఏడు, 1985 సెప్టెంబరులో, స్టాన్‌ఫర్డ్‌కు చెందిన బిల్ క్రాఫ్ట్, సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన జాన్ గిల్మోర్ కలిసి ‘బూట్‌పీ’ తెచ్చారు. 67, 68 పోర్టులు అప్పటివే. గేట్‌వే చెప్పడం, ఒక వైరు నుంచి ఇంకో వైరుకు మాట అందించడం అప్పుడు మొదలైంది. కానీ పట్టిక మాత్రం ఇంకా మనిషే రాయాలి. ఫలానా కార్డుకు ఫలానా సంఖ్య అని ముందుగా రాసి ఉంటేనే జవాబు. కొత్త యంత్రం వస్తే అడ్మినిస్ట్రేటర్ కోసం ఎదురుచూపులే.

పెన్సిల్వేనియాలోని బక్‌నెల్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ చెప్పే రాల్ఫ్ డ్రోమ్స్ పేరు మీద 1993 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 1531 వెలువడింది. డీహెచ్‌సీపీ అన్న పేరుతో వచ్చిన మొదటి ప్రమాణ పత్రం అది. అందులో పొరపాట్లు పడ్డాయని అదే నెలలో 1541 అన్న సంఖ్యతో తిరగరాశారు. నేటికీ పునాదిగా ఉన్న 2131 వచ్చింది 1997 మార్చిలో, అదీ ఆయన రాసిందే. బూట్‌పీకి డీహెచ్‌సీపీ కొత్తగా చేర్చిన ముఖ్యమైన ఊహ ఒక్కటే, కానీ గట్టిది. అడ్రసు శాశ్వతంగా కాదు, గడువు పెట్టి ఇవ్వాలి. పట్టికలో ముందే పేరు లేనివాడికి కూడా ఇవ్వాలి. మైక్రోసాఫ్ట్ 1994లో విండోస్ ఎన్‌టీ 3.5లో ఈ సర్వర్‌ను పెట్టింది. మరుసటి ఏడు విండోస్ 95 ఇళ్లలోకి, ఆఫీసుల్లోకి అడుగుపెట్టింది. ఆ తర్వాత చేత్తో సంఖ్యలు కొట్టడం మెల్లగా తగ్గిపోయింది. మన దేశంలో మామూలు జనానికి విదేశ్ సంచార్ నిగమ్ ఇంటర్నెట్ ఇచ్చింది ఆ 1995 ఆగస్టు 15నే.

డ్రోమ్స్ పత్రంలో భద్రత గురించి ఒక చిన్న భాగం ఉంది. ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపంలో రక్షణ చాలా తక్కువనీ, అనుమతి లేని సర్వర్‌ను ఎవరైనా తేలిగ్గా పెట్టేయొచ్చనీ అందులో దాచకుండా రాశారు. తర్వాత 2001లో సంతకం లాంటి ఏర్పాటు ఒకటి ప్రమాణంగా వచ్చింది గానీ దాన్ని వాడినవాళ్లు అరుదు. పెద్ద ఆఫీసుల్లో ఖరీదైన స్విచ్‌లు ‘డీహెచ్‌సీపీ స్నూపింగ్’ పేరుతో కాపలా కాస్తాయి, ఫలానా పోర్టు నుంచి తప్ప ఇంకెక్కడి నుంచి ఆఫర్ వచ్చినా నొక్కేస్తాయి. జైనూర్ షాపులోని స్విచ్ డబ్బాకు అంత తెలివి లేదు. కొనేది కూడా అంత ధరకు కాదు.

*

గడువు సంగతి జైనూర్ మనిషికి విడమరచి చెప్పనక్కర్లేదు. ఈ మండలంలోని మార్లవాయిలోనే 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య నివసించారు. గోండులకు భూమి మీద పట్టాలు ఇప్పించడానికి హైమన్‌డార్ఫ్ నిజాం సర్కారుతో పనిచేశాడు. ఆ తర్వాత ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకు మారకుండా ఆపే 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, అంటే జనం నోట ‘వన్ ఆఫ్ సెవెంటీ’, వచ్చింది. పట్టా ఏదో, కౌలు ఏదో ఇక్కడ బడికి పోని ముసలామెకు కూడా తెలుసు. డీహెచ్‌సీపీ ఇచ్చేది కౌలు. చేను కౌలుకు తీసుకున్నవాడు ఏడాది ముగిసేలోగా పటేల్ దగ్గరికి పోయి మళ్లీ మాట తీసుకుంటాడు కదా, కంప్యూటర్ కూడా గడువులో సగం గడవగానే తనకు అడ్రసిచ్చిన సర్వర్‌నే అడుగుతుంది. 24 గంటల లీజు అయితే 12 గంటలకు. ఆ సర్వర్ పలకకపోతే 21 గంటలు నిండాక, అంటే ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక, ‘ఎవరైనా సరే ఇవ్వండి’ అని అందరినీ అడుగుతుంది. అప్పటికీ దిక్కులేకపోతే గడువు తీరగానే అడ్రసు వదిలేయాలి.

షాపు తిప్పలు వాటంతటవే తీరకపోవడానికి కారణం ఇక్కడుంది. ఒకసారి పాత రౌటర్ చేతిలో పడ్డ సిస్టం సగం గడువు కాగానే మళ్లీ ఆ రౌటర్‌నే అడుగుతుంది. అది సంతోషంగా పొడిగిస్తుంది. మోడెంకు మాట్లాడే వంతే రాదు.

గడువు తీరినా చేను వదలని కౌలుదారులు పెద్దచోట్ల కూడా ఉన్నారు. 2010 ఏప్రిల్‌లో ఐప్యాడ్ బజారులోకి వచ్చిన కొద్దిరోజులకే అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం నెట్‌వర్క్ వాళ్లు ఒక విషయం పట్టుకున్నారు. క్యాంపస్‌లోని కొన్ని ఐప్యాడ్‌లు లీజు ముగిసిపోయినా అదే అడ్రసు వాడుతున్నాయి. సర్వర్ ఆ అడ్రసు ఖాళీ అయిందనుకుని ఇంకొకరికి ఇస్తే ఇద్దరికీ గొడవ. విశ్వవిద్యాలయం ఆ ఐప్యాడ్‌లను తన నెట్‌వర్క్ నుంచి ఆపేసి, విషయం బయటపెట్టింది. తయారుచేసింది యాపిల్ అంతటి కంపెనీ. ఆర్‌ఎఫ్‌సీలో రాసి ఉన్న నియమాన్ని యంత్రం పాటిస్తుందన్న నమ్మకం మీదే ఈ పద్ధతి అంతా నడుస్తుంది.

*

మళ్లీ షాపులోకి వద్దాం. ఆప్షన్లు పెట్టడం అయిపోయి జనం పలచబడ్డాక సర్వీసు అమ్మాయి అసలు పని మొదలుపెట్టింది.

పాత రౌటర్‌ను ఒంటరిగా తన ల్యాప్‌టాప్‌కు వైరుతో కలిపి, బ్రౌజర్‌లో 192.168.0.1 కొట్టి లోపలికి వెళ్లింది. ముందు దాని సొంత అడ్రసు 192.168.1.2 చేసింది. డీహెచ్‌సీపీ ఆపడం ఆఖర్న పెట్టుకుంది. వరుస తిప్పితే, అంటే ముందే డీహెచ్‌సీపీ ఆపేస్తే, తన ల్యాప్‌టాప్‌కే అడ్రసు దొరక్క బయట నిలబడాల్సి వస్తుంది. చాలామంది ఇక్కడే చిక్కుకుని రౌటర్ చెడిపోయిందని పారేస్తారు. ఆ రెండూ అయ్యాక రౌటర్‌ను అటక మీద పెట్టి, వైరు మళ్లీ లాన్ పోర్టుకే ఇచ్చింది. ఇప్పుడది వైఫై మాత్రమే ఇస్తుంది. అడ్రసు అడిగిన ప్రతి కేకనూ మోడెం దాకా మోసుకెళుతుంది.

“నీలం పోర్టుల పెడితే కాదా చెల్లె?” షాపాయన ఆసక్తిగా అడిగాడు.

“పెడితే నెట్ వస్తది. ముందల గొడవ కూడా రాదు. కానీ వెనుక అర్రల ఫోన్లన్నీ వేరే గుంపైతయ్. ఫోన్ల ప్రింటర్ వెతికితే కనబడదు. నీకు ఫోన్‌కెళ్లి ప్రింట్ గావాలె గదా?”

తర్వాత మోడెం. అడ్రసులు పంచే పూల్ 192.168.1.2 నుంచి 254 దాకా ఉంది, కంపెనీ పెట్టినట్టే. ప్రింటర్‌కేమో ఎవరో ఎప్పుడో దాని చిన్న తెర మీదే 192.168.1.5 అని చేత్తో పెట్టి వదిలేశారు. రెండూ కలిస్తే ఇంకో తెగులు. మామూలుగా సర్వర్ ఒక అడ్రసు ఇచ్చేముందు ఆ అడ్రసును పిలిచి చూస్తుంది, పలికితే ఇవ్వదు. ప్రింటర్ నిద్రలో ఉండి పలకలేదనుకోండి, 5 ఖాళీ అనుకుని ఎవరో వచ్చినవాళ్ల ఫోన్‌కు ఇచ్చేస్తుంది. ఆ ఫోన్ షాపులో ఉన్నంతసేపూ ప్రింట్లు పోవు. ఫోన్ తీసుకుని ఆ మనిషి సిర్పూర్ బస్సెక్కగానే మళ్లీ పోతాయి.

“గిదే! గిదే అయితుండె!” షాపాయన బల్ల మీద చరిచాడు. నెలల తరబడి ప్రింటర్‌ను తిట్టుకున్నాడట.

ఆమె పూల్‌ను 100 నుంచి 199కి కుదించింది. ప్రింటర్‌ను 50కి మార్చింది. వందలోపు సంఖ్యలు చేత్తో పెట్టుకునే వాటికి, వంద పైన యంత్రం పంచేవాటికి. షాపులోని మూడు సిస్టంలకు ‘అడ్రస్ రిజర్వేషన్’ అన్న చోట వాటి మ్యాక్ నంబర్లు ఎక్కించి, 101, 102, 103 కేటాయించింది. ఇలా చేస్తే సిస్టంలో ఏదీ ముట్టుకోనక్కర్లేదు, అది ఎప్పటిలాగే అడుగుతుంది, సర్వర్ ఎప్పుడూ అదే సంఖ్య ఇస్తుంది. లీజు గడువు ఒక రోజు ఉన్నదాన్ని 120 నిమిషాలు చేసింది. రోజంతా వైఫై పట్టుకుని పోయే ఫోన్ల షాపు ఇది, వెళ్లిపోయినవాళ్ల అడ్రసులు రేపటిదాకా అట్టిపెట్టుకుని ఏం లాభం? ఇరవై కంప్యూటర్లు కదలకుండా ఉండే బడి ల్యాబ్ అయితే ఒక రోజు గడువే మేలు.

మోడెం, స్విచ్ డబ్బా రెంటికీ చిన్న యూపీఎస్ కొనమని చెప్పి లేచింది. అది ఊరికే చెప్పిన మాట కాదు. చౌకరకం రౌటర్లలో చాలావాటికి ఎవరికి ఏ అడ్రసు ఇచ్చామన్న జాబితా తాత్కాలిక జ్ఞాపకంలోనే ఉంటుంది. కరెంటు పోతే జాబితా పోతుంది. ఫోన్ల దగ్గర మాత్రం పాత అడ్రసులు అలాగే ఉంటాయి, వాటినే ఇంకొకరికి ఇచ్చేస్తే గొడవ.

ఇదే మతిమరుపు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీల పెద్ద పరికరాలకూ ఉంది. వందల ఇళ్లకు, సర్వర్‌కు నడుమ నిలబడే పరికరం ఒకటి ఆగి లేచిందంటే ఏ ఇంటికి ఏ అడ్రసు ఉందో దానికి గుర్తుండదు. అప్పుడది సర్వర్‌నే అడిగి తెలుసుకునే పద్ధతి ‘లీజ్ క్వెరీ’. దాన్ని మెరుగుపరిచిన ఆర్‌ఎఫ్‌సీ 6148 అనే పత్రం 2011 ఫిబ్రవరిలో వచ్చింది. రాసినవాళ్ల పేర్లలో కురపాటి, దేసెట్టి అన్న ఇంటిపేర్లు కనబడతాయి. తెలుగు పత్రికల్లో ఆ వార్త వచ్చినట్టు నేనైతే చూడలేదు. 

ఇంకో మాట. ‘ఐపీ వచ్చింది’ అంటే ‘నెట్ వచ్చింది’ అని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు. 2024 సెప్టెంబరులో జైనూర్‌లో ఘర్షణలు జరిగి ఇంటర్నెట్ నిలిపివేసినప్పుడు ఈ తేడా ఊరందరికీ అనుభవంలోకి వచ్చే ఉంటుంది. వైఫై గీతలు నిండుగా ఉంటాయి, అడ్రసు పడుతుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. బయటి దారి మూసినా షాపులోపలి నెట్‌వర్క్ ఆగదు. ఒక సిస్టం నుంచి ప్రింటర్‌కు ప్రింటు పోతుంది, ఒకదాంట్లోని ఫైలు ఇంకోదాంట్లోకి వెళుతుంది. అదే, సర్వర్ ఎవరూ పలకనప్పుడు విండోస్ తనకు తానే 169.254తో మొదలయ్యే సంఖ్య పెట్టుకుంటుంది. ఆ సంఖ్య కనబడితే తప్పు బయట కాదు, మీ గదిలోనే వెతకాలి. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అరగంట పాట వినేముందు ఈ ఒక్క వరుస చూసుకుంటే చాలు.

నా అభిప్రాయం అడిగితే తప్పు షాపాయనది కాదు. ఇళ్లకు అమ్మే దాదాపు ప్రతి రౌటర్‌లోనూ డీహెచ్‌సీపీ ఆన్‌లోనే ఉండి వస్తుంది. మొదటి రౌటర్ కొనేవాడికి అది మేలే, ఏమీ తెలియకపోయినా పని నడుస్తుంది. రెండోది కొనేవాడికి అదే గండం. ‘ఇప్పటికే ఇంకో రౌటర్ ఉంటే ఇది ఆపేయండి’ అని డబ్బా మీద తెలుగులో ఒక్క వాక్యం వేయడానికి కంపెనీలకు ఖర్చేమీ కాదు. మోడెం బిగించడానికి వచ్చే లైన్‌మన్ కూడా పూల్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో ఒక కాగితం మీద రాసిచ్చి పోవచ్చు. అలా ఇచ్చినవాణ్ని చూసినట్టు ఎవరూ నాతో చెప్పలేదు.

అందుకని సెంటర్లు నడిపేవాళ్లకు, బడుల్లో కంప్యూటర్ గది చూసుకునే సార్లకు, మేడమ్‌లకు చెప్పేది ఇదే. రెండో రౌటర్ తెచ్చిన రోజునే, వైరు తగిలించకముందే దాని అడ్రసు మార్చి డీహెచ్‌సీపీ ఆపేయండి. ప్రింటర్, సీసీ కెమెరాల సంఖ్యలు పూల్ బయట పెట్టుకోండి. ఏది ఎంతో, పాస్‌వర్డ్ తప్ప, ఒక కాగితం మీద రాసి మోడెం పక్కన గోడకు అంటించండి. కరెంటు పోయి వచ్చిన రోజున సిస్టంలు ఆగం చేస్తే, మోడెం లైట్లన్నీ నిలకడగా వెలిగాకే వాటిని ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేయండి. అప్పటికీ ఏదైనా మొండికేస్తే నల్ల కిటికీ తెరిచి ‘డీహెచ్‌సీపీ సర్వర్’ అన్న వరుసలో ఏ సంఖ్య ఉందో చూడండి. అది మీ మోడెం అడ్రసు కాకపోతే, రెండో డబ్బా ఎక్కడుందో వెతకండి.